భూగర్భపు వేడిమి - ఇంటి గోడలు

ఎసరు కాగునపుడు అడుగునీరు పైకి లేచుటయు, పైనీరు దిగుటయు మన మెరిగినదే. భూగర్భమందలి శిల గట్టిదయ్యును, విపరీతమైన వేడిమిచే కోట్ల ఏండ్లుగా ఇట్లే అతి మెల్లగా కదలుచున్నది. దానితోపాటు భూమి పైపలకలును జరుగుచున్నవి. మన దేశమును మోయు పలక ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరమునకు జరిగి ఆసియాను ఒత్తుచున్నది; హిమాలయములు లేచిన దందువలననే. ఆ ఒత్తిడి దక్కనునకును ప్రాకును. ప్రాచీన శిలాభూమి గావున దక్కను కదలదని పలువురు నమ్మిరి. కాని 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమును, 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిని భూకంపములు కుదిపినవి. కిల్లారి ప్రాంతమున నిద్రలోనున్న వేలమందిని బలిగొన్నవి మట్టితో పేర్చిన రాతిగోడలు, వానిపై మిద్దెల బరువు. పంచాయతీ బడి కట్టించునపుడు గోడ మందమంతయు అడ్డముగా పట్టు పొడుగురాళ్ళను నడుమనడుమ పెట్టించి, ద్వారబంధములపై గోడలచుట్టును ఇనుపకడ్డీల కాంక్రీటు పట్టీ వేయించవలెను. అట్లైన గోడ రెండు పొరలుగా విడి కూలదు.