పాటయందలి సొగసు



ప్రతి సంవత్సరము ఈ సంచికయందు చదువును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో వ్రాయుట మాకు పరిపాటి. ఈసారి పాటను గూర్చి వ్రాయదలచితిమి. పరీక్షలకు పనికిరాని విషయమును ప్రధానోపాధ్యాయుడు ఏల యెత్తుకొనెనని మీలో కొందరికి తోపవచ్చును. పాట కూడ చదువులో భాగమే. ఇంటిభాష యొకటి, ఊరిభాష మరియొకటిగా నున్న మన బిడ్డలకు అది ముఖ్యమైన భాగము. మాకు మిక్కిలి నచ్చిన కొన్ని పాటలను తీసికొని, అవి యేల నచ్చినవో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కల్యాణమున పాట

మన బసవకళ్యాణమునకు పాటతో గల సంబంధము నేటిది కాదు. పదునొకండవ శతాబ్దమున చాళుక్యరాజగు మొదటి సోమేశ్వరుడు తన రాజధానిని మాన్యఖేటమునుండి ఈ కల్యాణమునకు మార్చెను. ఆ వంశమువాడే యగు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున 'మానసోల్లాసము' అను సంస్కృత గ్రంథమును రచించెను. రాజనీతి మొదలుకొని వంటల వరకు అనేక విషయములు గల ఆ గ్రంథమున పాటలను గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. మహారాష్ట్ర స్త్రీలు ధాన్యము దంచునపుడు 'ఓవి' యను పాటను పాడుదురని అందు చెప్పబడినది. సింహాసనముపై కూర్చున్న రాజు రోకటిపాటకు చెవి యొగ్గి, దానిని తన గ్రంథమున కెక్కించుట మనము గమనింపదగిన సంగతి.

ఆ శతాబ్దముననే బసవేశ్వరుడు ఈ ఊరనే శరణులతో కూడి, సామాన్యులకు తెలియు కన్నడములో వచనములు చెప్పెను. అటుపిమ్మట పాల్కురికి సోమనాథుడు ఆ మహనీయుని చరిత్రను 'బసవపురాణము'గా తెలుగున రచించెను. పండితులు మెచ్చు వృత్తములను విడిచి, నలుగురు కూడి పాడుకొనుటకు వీలైన ద్విపదను ఆయన గ్రహించెను. ద్విపదయందు ప్రతి పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండు పాదములకును ప్రాస. ఇవి ముఖ్యలక్షణములు. చదువు రానివాడును రెండుసార్లు విన్నచో పట్టుకొనగలడు. ఆ బసవపురాణమునే భీమకవి 1369లో కన్నడమున రచించెను. కల్యాణమున జరిగిన కథ తెలుగుపాటయై, మరల కన్నడమునకు వచ్చినది. రెండు భాషలవారము ఒకరికొకరము ఋణపడియున్నామనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఆ సోమనాథుడే తన 'పండితారాధ్య చరిత్ర'లో తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, నివాళిపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు అని నాటి జనులు పాడుకొనిన పాటల పేర్లు చెప్పెను. ఏడువందల యేండ్లకు పూర్వమే తెలుగువారికి తెల్లవారుటకు ఒక పాట, వెన్నెలకు ఒక పాట ఉండెడివని మనకు దీనివలన తెలియుచున్నది.

సొగసు ఎందున్నది?

పాటకు అందము మూడింటివలన కలుగునని మా అభిప్రాయము. మొదటిది మాట, రెండవది నడక, మూడవది పాడువాని మనస్సు. తెలుగుమాటలు చాలవరకు అచ్చుతో ముగియును. 'వెన్నెల' అనుడు, 'చిలుక' అనుడు, చివరి యక్షరమును ఎంత దూరమైనను సాగదీయవచ్చును. హల్లుతో ఆగిపోవు మాటను అట్లు సాగదీయుట కష్టము. ఇది మన భాషకు సహజముగా అబ్బిన లాభము. ఇక నడక యనగా లయ. అది చేయుచున్న పనినిబట్టి పుట్టును. విసుర్రాయి తిరుగు వేగమొకటి, రోకలి పడు వేగమొకటి, ఉయ్యాల ఊగు వేగమొకటి.

మాకు మొదట నచ్చిన పాట మా తల్లి పాడిన జోలపాట. ఇది మీకందరికిని సమానమే. ఉయ్యాలత్రాడు అటు పోయి ఇటు వచ్చునంతలో ఒక చరణము ముగియును. శిశువునకు అర్థము తెలియదు. అయినను మాటలు ఏవిధముగా జతపడునో, వాక్యము ఎచ్చట ఎత్తుకొని ఎచ్చట దిగునో దాని చెవికి తెలియును. బడికి రాకముందే బిడ్డ నేర్చు మొదటి వ్యాకరణము ఇదియే. జోల విని పెరిగిన బాలుడు పద్యమును తడబడక చదువుటయు, విననివాడు పొడిమాటలుగా విరిచి చదువుటయు మేము తరగతిలో పలుమారు చూచితిమి.

రెండవది బతుకమ్మపాట. భాద్రపద అమావాస్య మొదలు తంగేడు, గునుగు పూలు పేర్చి, ఆడువారు చుట్టు తిరుగుచు పాడుదురు. ఒకతె చరణమెత్తును; మిగిలినవారు 'ఉయ్యాలో' అని అందుకొందురు. ఈ అందుకొనుటలో గొప్ప ఉపాయమున్నది. అందరు పల్లవి పలుకునంతలో ముందున్నామెకు తరువాతి చరణము జ్ఞాపకమునకు వచ్చును. గొంతు బాగుండనివారును సిగ్గుపడక గొంతు కలుపవచ్చును. వినువారు వేరు, పాడువారు వేరు అను భేదము అందు లేదు. అన్నదమ్ముల అనురాగము, అత్తింటి కష్టము, వానలు, పంటలు అన్నియు ఆ పాటలలో ఇమిడియున్నవి. 2014లో తెలంగాణ రాష్ట్రము దీనిని రాష్ట్ర పండుగగా స్వీకరించినది. కాని ఏ ప్రభుత్వము స్వీకరింపక పూర్వమే మన యిండ్ల ముంగిళ్ళలో ఆ పాట వెలసియున్నది.

మేము చేసిన తప్పు

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. ఇరువది యేండ్లకు పైబడినది. అప్పుడు మేము నాలుగవ తరగతికి తెలుగు చెప్పుచుంటిమి. ఒక బాలిక తన నాయనమ్మ పాడు బతుకమ్మపాటను నోటుపుస్తకమున వ్రాసికొని, వార్షికోత్సవమున పాడెదనని మాకు చూపెను. అందలి మాటలు మాకు మోటుగా తోచినవి. ఎఱ్ఱసిరాతో దిద్దితిమి. 'వాన' అని యున్నచోట 'వర్షము' అని వ్రాసితిమి. 'అవ్వ' అని యున్నచోట 'తల్లి' అని వ్రాసితిమి. కొట్టివేసిన మాటలు కనబడకుండ గీతలు దట్టముగా గీచితిమి. శుద్ధమైన తెలుగు నేర్పుచున్నామని సంతోషించితిమి.

ఆ బాలిక పాడబోయి రెండవ చరణముననే నిలిచిపోయెను. చప్పట యొకచోట, మాట యొకచోట పడినవి. నాడు బిడ్డకు భయమనుకొంటిమి. లెక్క చూచినచో దోషము మాదే. 'వాన'లో మూడు మాత్రలు, 'వర్షము'లో నాలుగు. మూడేసి మాత్రల అడుగుతో నడచు పాటలో నాల్గవ మాత్రను త్రోసినచో కాలు తొట్రిలక యేమగును? 'అవ్వ'కును 'తల్లి'కిని మూడేసి మాత్రలే, లయ చెడలేదు. కాని అచ్చట మరియొకటి చెడినది. ఆమె ఇంటిలో తల్లిని ఎన్నడును 'తల్లీ' యని పిలిచి యెరుగదు. మన యిరుగుపొరుగు కన్నడిగులును తల్లిని 'అవ్వ' యనియే పిలుతురు. రెండు భాషలవారికి ఉమ్మడియైన మాటను కొట్టివేసి, ఎవరి నోటను లేని మాటను అచ్చట నిలిపితిమి.

ఆమె ఆ యేడు పాడలేదు. కొన్నాళ్ళకు ఆ నాయనమ్మ గతించినది. మొన్న జూను మాసమున అదే బాలిక, ఇప్పుడు తల్లియై, తన కుమార్తెను మన బడిలో చేర్పింపవచ్చినది. ఆ పాతపుస్తకమును దాచుకొనియే యున్నది. "సార్, ఈ గీతల క్రింద ఏ మాటలుండెనో మీకేమైన జ్ఞాపకమున్నదా?" అని అడిగినది. రెండు మూడు మాటలు మాత్రము చెప్పగలిగితిమి. తక్కినవి మాకును జ్ఞాపకము లేవు. మా ఉద్యోగజీవితమున ఇంత సిగ్గుపడిన దినము లేదు.

కొలువులోని మాట, ఇంటిలోని మాట

మాట ఎచ్చటినుండి వచ్చినను, పాడువాని బ్రతుకునుండి వచ్చినప్పుడే పాటకు ప్రాణము కలుగునని చెప్పుటకు భద్రాచల రామదాసు చక్కని ఉదాహరణము. ఆయన అసలు పేరు కంచెర్ల గోపన్న. గోలకొండ పాలకుడగు తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారు. ప్రభుత్వధనముతో భద్రాద్రిని గుడి కట్టించి, చెరసాల పాలాయెను. చెరలో ఆయన పాడిన ఒక ప్రసిద్ధమైన కీర్తన మాకు ప్రాణము. అందు సీతకు, లక్ష్మణునకు, భరతునకు చేయించిన నగలను పేరుపేరున చెప్పి, వానికైన సొమ్మును లెక్కగట్టి, ఎవరి ధనముతో కులుకుచున్నావని రాముని నిలదీయును. తుదకు, దెబ్బలకు ఓర్వలేక తిట్టితినని, మనస్సున ఉంచుకొనవలదని వేడుకొనును. తహశీలుదారు తనకు వచ్చిన భాషలోనే, అనగా జమాఖర్చుల భాషలోనే, దేవునితో మాటలాడెను. తిట్టి, వెంటనే క్షమింపుమనుట మిక్కిలి దగ్గరివారియొద్దనే సాధ్యము. కొన్ని తరములనుండి వృద్ధులు ఆ కీర్తన పాడుచు కన్నీరు పెట్టుటకు ఆ చనవే కారణమని మా నమ్మకము.

త్యాగరాజస్వామి మరియొక రీతిగా మనకు ఆదర్శము. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధి పొందెను. ఈ రెండూళ్ళును తమిళదేశమున ఉన్నవి. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు. నేడు మనకు వీధిలో కన్నడము, ఇంటిలో తెలుగు అయినట్లే. ఆయన ఇంటిభాషను విడువలేదు. నేడు తమిళులును, కన్నడిగులును, మలయాళులును ఆయన తెలుగును భక్తితో నేర్చుకొని పాడుచున్నారు. పంచరత్న కీర్తనలలో నాట, గౌళ, ఆరభి, వరాళి రాగముల పిమ్మట శ్రీరాగమున నడచు అయిదవది మాకు మిక్కిలి ఇష్టము. లోకమున ఎందరు మహాత్ములున్నారో అందరికిని నమస్కరించుటయే దాని భావము. అంతటి విద్వాంసుడు అంత వినయముగా మాటలాడుటయే అందలి సొగసు.

అట్లని ఇచ్చిపుచ్చుకొనుట ఏకపక్షము కాదు. సంగీతము నేర్చు తెలుగుబిడ్డ మొదట దిద్దు సరళీస్వరములు, పిళ్ళారి గీతములు కన్నడిగుడైన పురందరదాసు ఏర్పరచినవి. కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్ కన్నడ చిత్రములలో రాజకుమార్‌కు గొంతు అయ్యెను. కర్ణాటక ప్రభుత్వము 2004లో నాడగీతగా స్వీకరించిన కువెంపుగారి గేయమును మన పిల్లలు పాడునపుడు మేమును గొంతు కలుపుదుము. తన పాటను ప్రేమించువాడే పొరుగువాని పాటను గౌరవింపగలడు.

చలనచిత్రపు పాటలు చెడగొట్టునని కొందరు పెద్దలు భయపడుదురు. అన్నియు మంచివని మేము అనము. కాని 1951 నాటి 'మల్లీశ్వరి'లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వ్రాయగా, సాలూరి రాజేశ్వరరావుగారు స్వరపరచగా, ఘంటసాల, భానుమతి పాడిన పాటలను వినుడు. విడిపోయిన నాయికానాయకులు మబ్బులతో కబురంపు పాటలో కాళిదాసుని మేఘసందేశము మెత్తని తెలుగుమాటలై దిగివచ్చినది. సంస్కృతము రాని తల్లికిని అది తెలియును. సి. నారాయణరెడ్డిగారి సంగతియు తలచుకొనవలెను. నిజాం రాజ్యమున ఆయన బడిచదువు ఉర్దూలో సాగినది. అయినను ఊరిలో విన్న జానపదగేయములు ఆయన చెవిని విడువలేదు. 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు వ్రాసెను. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనకు లభించెను. బడిలో దొరకని భాషను పాట కాపాడినది.

మా విన్నపము

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు పాత బీదరు జిల్లా మూడు ముక్కలై మూడు రాష్ట్రములలో కలిసినది. ఆ యేడే అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందింపవలెనని రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడినది. చట్టము బడిని నిలుపగలదు. ఇంటిలో పాటను నిలుపజాలదు. అది మీ చేతిలోని పని.

కావున మా కోరిక యిది. ఈ సెలవులలో మీ ఇంటి పెద్దలయొద్ద మూడు పాటలు వినుడు. మీ చేతనున్న ఫోనులో వారి గొంతును నిలుపుడు. పిల్లలచేత వ్రాయింపుడు. ఎవరు పాడిరి, ఏ ఊరివారు, ఏ పని చేయుచు పాడుదురు అను సంగతులు క్రింద వ్రాయింపుడు. కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు కలిసియున్నను తీసివేయవలదు. మన ఊరి బ్రతుకు అట్టిదే. రాగము తప్పినను చింత లేదు.

ఆ పుస్తకములను బడికి తెండు. నోట వచ్చినది వచ్చినట్లే అందు ఉండనిండు. వానిపై మేము ఎఱ్ఱసిరా పెట్టము.