రోజుకు పదిహేను నిమిషాల గిటార్, మా నాయనమ్మ బీడీ బుక్కు

గిటార్ కొన్న మొదటి ఆదివారం అందరూ మూడు గంటలు వాయిస్తారు. నేనూ వాయించాను. సోమవారానికి ఎడమ చేతి వేళ్ల చివర్లు బొబ్బలెక్కి, ల్యాబ్‌లో కీబోర్డు కూడా సరిగ్గా కొట్టలేకపోయా. వారమంతా గిటార్ ముట్టుకోలేదు. మళ్లీ ఆదివారం కూర్చుంటే, పోయినసారి వచ్చిన జి కార్డ్‌కి ఏ వేలు ఎక్కడ పెట్టాలో గుర్తే లేదు. (కార్డ్ అంటే మూడో, అంతకన్నా ఎక్కువో స్వరాలు ఒకేసారి మోగించడం.) ఇలా ఫస్ట్ ఇయర్‌లో ఏడు ఆదివారాలు పోయాయి. ఆ తర్వాత గిటార్ కవర్లోకి పోయింది, నాకు మ్యూజిక్ రాదని నాకు నేనే తేల్చేసుకున్నా. మన హాస్టల్లో మంచాల కింద ఇంకా నాలుగైదు గిటార్లు ఇదే పరిస్థితిలో ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నా.

సెలవులకు రూమ్ ఖాళీ చేయాలి కదా, గిటార్ కూడా మెట్‌పల్లి ఇంటికి మోసుకుపోయా. మా నాయనమ్మ బీడీలు చేస్తది. మా వైపు చాలా ఇళ్లల్లో ఇదే పని. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. ఆకును నానబెట్టి, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. కూలీ వెయ్యి బీడీల లెక్కన. ఆమె కళ్లు టీవీ సీరియల్ మీదే ఉంటాయి, చేతులు మాత్రం ఆగవు. మెడ నొప్పి, దగ్గు కూడా ఆ పనితోనే వచ్చాయి, కాబట్టి దీన్ని గొప్ప కళ అని పొగిడే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ వేళ్లను చూస్తూ ఒకరోజు అడిగా, "నాయనమ్మా, చూడకుంట ఎట్ల చేస్తవ్?"

"మొదలు నాకు దినానికి నూరు గూడ కాకపోయేది రా. దినాం కూసున్న. చెయ్యికే ఎరుకైంది," అంది. తర్వాత నా గిటార్ వైపు చూసి, "నువ్వు ఒక్కనాడు కూసుంటవ్, వారం పండవెడ్తవ్. అదెట్లొస్తది?"

సైకాలజీలో దీనికి ఒక పాత ప్రయోగం ఉంది. బ్రిటన్‌లో ఉత్తరాలను పోస్ట్‌కోడ్ టైప్ చేసి వేరుచేసే మెషిన్లు వచ్చినప్పుడు పోస్ట్‌మెన్‌లకు టైపింగ్ నేర్పాల్సి వచ్చింది. బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు వాళ్లను నాలుగు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు రోజుకు ఒక్క గంటే, ఇంకో గ్రూపుకు రోజుకు నాలుగు గంటలు, మిగతా రెండింటికీ రెండేసి గంటలు. 1978లో రిజల్ట్ అచ్చయింది. మొత్తం గంటలు లెక్కేస్తే, రోజుకు గంట చేసినవాళ్లే తక్కువ గంటల్లో నేర్చుకున్నారు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ట్రైనింగ్ మీద అందరికన్నా అసంతృప్తిగా ఉన్నది కూడా వాళ్లే! ఎందుకంటే వాళ్లకు ఎక్కువ రోజులు పట్టింది. రోజూ కొంచెం చేసేవాడికి, తను ముందుకు పోతున్నట్టు అనిపించదు. నేను ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నా. మూడు గంటలు వాయించిన ఆదివారం రాత్రి నాకు ఎంత హాయిగా ఉండేదో గుర్తొచ్చింది.

ఇప్పుడు నా పదిహేను నిమిషాలు ఎలా గడుస్తాయో చెప్తా. మొదటి నిమిషం ట్యూనర్ యాప్ పెట్టి ఆరు తీగలు సరిచేస్తా. మెట్‌పల్లి ఎండాకాలంలో ఇది తప్పదు, పొద్దున కుదిర్చిన శ్రుతి మధ్యాహ్నానికి ఉండదు.

తర్వాత ఐదు నిమిషాలు సరళీ స్వరాలు. గిటార్ మీద సరళీ స్వరాలేంటి అని నవ్వకండి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతమంతా వాయించారు, దానికీ ఫ్రెట్లే. సన్న తీగను ఒకటి అనుకుని లెక్కపెట్టండి. ఐదో తీగ మూడో ఫ్రెట్ స, అదే తీగ నాలుగు రి. నాలుగో తీగ రెండు గ, మూడు మ. మూడో తీగ ఖాళీగా మీటితే ప, ఒకటో ఫ్రెట్ ద. రెండో తీగ ఖాళీది ని, ఒకటో ఫ్రెట్ పై స. ఇదే మాయామాళవగౌళ. మెట్రోనోమ్ 60 మీద పెట్టి దెబ్బకు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. మన సంగీతం టీచర్లు మూడు కాలాలు అని చేయించేది ఇదే. నాకు మూడో కాలం ఇంకా తడబడుతుంది. వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని కొంచెం వెనక పెట్టాలి. మధ్యలో పెడితే ఎక్కువ నొక్కాలి, బొబ్బలు అక్కడే మొదలు.

ఇంకో ఐదు నిమిషాలు కార్డ్ మార్పులు. కార్డ్ పట్టడం కష్టం కాదు, ఒక దాని నుంచి ఇంకోదానికి టైముకు చేరడమే కష్టం. జస్టిన్ సాండర్‌కో అనే ఆస్ట్రేలియన్ గిటార్ టీచర్ ఆన్‌లైన్ పాఠాల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. ఒక నిమిషం టైమర్ పెట్టి ఎన్నిసార్లు మార్చగలిగామో లెక్కపెట్టడం. ఎ మైనర్, సి తో మొదలుపెట్టండి. ఎ మైనర్‌లో చూపుడు వేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్, మధ్య వేలు నాలుగో తీగ రెండు, ఉంగరం వేలు మూడో తీగ రెండు. సి కి వెళ్లాలంటే మొదటి రెండు వేళ్లు కదపనే వద్దు. ఉంగరం వేలు ఒక్కటి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కు పోతే చాలు. ఇది తెలియక నేను ఏడు ఆదివారాలు ప్రతిసారీ మూడు వేళ్లూ లేపా.

మిగిలిన టైము నచ్చిన పాట, ఎంత పాడుగా వచ్చినా సరే. అది లేకపోతే రేపు కూర్చోబుద్ధి కాదు.

నాయనమ్మ దగ్గర బీడీల లెక్క రాసే బుక్కు ఉంటుంది, ఇచ్చిన ఆకు, తెచ్చిన బీడీలు అన్నీ అందులోనే. నేనూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నా. తేదీ, కార్డ్ మార్పులు, అంతే. మొదటి రోజు ఎ మైనర్ నుంచి సి కి నిమిషంలో 11. పదో రోజు 16. ఆ పది రోజులూ ఏమీ రావట్లేదనే అనిపించింది, బుక్కు తీస్తేనే తేడా కనిపించింది. నెలాఖరుకి 34.

గిటార్ కవర్లోంచి తీసి, కనిపించేచోట గోడకు ఆనించి పెట్టడం కూడా పనికొచ్చింది. జిప్పు తీయడానికి కూడా బద్ధకించే మనిషిని నేను. మా రూమ్మేట్‌తో ఒప్పందం ఏంటంటే, రాత్రి మెస్‌కి వెళ్లే ముందు పదిహేను నిమిషాలు నావి, దాటితే తిట్టే హక్కు వాడిది. మిడ్స్ అప్పుడు నాలుగు రోజులు తప్పా, ఆ నాలుగు గళ్లు ఖాళీగానే వదిలేశా. వాటిని కవర్ చేద్దామని ఐదో రోజు గంటన్నర కూర్చుంటే మళ్లీ చూపుడు వేలికి బొబ్బ లేచింది, ఇంకో రెండు గళ్లు ఖాళీ.

ఈమధ్య ఎఫ్ మీద పడ్డా. చూపుడు వేలొక్కటే ఆరు తీగలనూ అదిమి పట్టాలి. సి నుంచి ఎఫ్‌కు, నిన్న రాత్రి రాసింది 4.