వార్తలు చూస్తే నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: యుద్ధాలు, ప్రమాదాల వార్తలు రోజంతా చూస్తుంటాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. టీవీ మానేయాలా?

జవాబు: పూర్తిగా మానక్కర్లేదు, మోతాదు తగ్గించండి. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక పరిశోధకులు 4,675 మంది అమెరికన్లను సర్వే చేశారు. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తల్లోనే మునిగినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు పేలుళ్ల చోట ఉన్నవారికన్నా ఎక్కువగా కనిపించాయి. అసలే ఆందోళనపరులు కాబట్టి అంతసేపు చూశారేమో అనొచ్చు. సబబైన సందేహమే. కానీ పాత మానసిక సమస్యలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. మరి లోకం సంగతులు తెలిసేదెలా అంటారా? అందుకు ఒక్క బులెటిన్ చాలు. ఒకే దృశ్యాన్ని పదేపదే తిప్పి చూపే ఛానెల్ కొత్తగా చెప్పేదేమీ లేదు. పడుకునే ముందు టీవీ, ఫోన్ కట్టేయండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి.