ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబములలో శిశునామములు – ఒక పరిశీలన

కొన్ని పాశ్చాత్యదేశములలో ప్రభుత్వమే యేటేట శిశునామముల పట్టికను ప్రకటించుచున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో సాంఘికభద్రతాశాఖ వెలువరించు పట్టికలు 1880 నాటి జననములనుండి లభించుచున్నవి. పట్టిక వెలువడినప్పుడెల్ల తల్లిదండ్రులు రెండు తెగలగుదురు. తాము పెట్టిన పేరు పైవరుసలో నున్నదని సంతసించువారు కొందరు. ఇంతమందికి గల పేరా మా బిడ్డకు పెట్టితిమని చిన్నబుచ్చుకొనువారు కొందరు. ఈ రెండవవారి గోడే యెక్కువగా వినబడును. ఇందొక విచిత్రము కలదు. 1880లో అగ్రస్థానమందున్న జాన్ అను పేరు, నాటి పట్టికకెక్కిన మగపిల్లలలో నూటికి ఎనమండుగురికి గలదు. 2017లో అగ్రస్థానమునకు వచ్చిన లియమ్ అను పేరు నూటికి సుమారు ఒక్కనికే గలదు. అనగా మిక్కిలి ప్రసిద్ధమైన పేరుకూడ నేడు మునుపటివలె విరివిగా లేదు. ఐనను తమ పేరు పదిమందికి ఉండునేమోయను బెదురు మాత్రము తగ్గలేదు.

మన దేశమున ఇట్టి వార్షికపట్టిక లేదు. బడిలోని హాజరుపట్టీయే మనకు ఆ పని చేయును. ఒక పేరు పిలిచినప్పుడు తరగతిలో మువ్వురు పలికిన దినమున తల్లిదండ్రులకు గణాంకశాస్త్రము బోధపడును. పరరాష్ట్రమున తెలుగు బోధించు నావంటివానికి ఈ హాజరుపట్టీలు పాఠ్యగ్రంథములతో సమానమైన ఆసక్తిని కలిగించును. ప్రవాసాంధ్రులు తమ బిడ్డలకు ఏ పేర్లు పెట్టుచున్నారు, ఏల పెట్టుచున్నారు అను ప్రశ్నకు ఖరగ్‌పూర్ మంచి క్షేత్రము.

ఖరగ్‌పూర్ రైల్వేవలన పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే అచ్చట కూడలిని, ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో పెద్ద కర్మాగారమును నెలకొల్పెను. 1902లో తూర్పుతీరపు రైలుమార్గముయొక్క ఉత్తరభాగము ఆ కంపెనీ యధీనమునకు వచ్చెను. నాటి విశాఖపట్టణము, గంజాము జిల్లాల పల్లెలనుండి తెలుగువారు ఖలాసీలుగను, ఫిట్టర్లుగను, ఫైర్‌మన్లుగను వచ్చి తరతరములుగా అచ్చట స్థిరపడిరి. వారు మూటగట్టుకొని వచ్చిన సామగ్రి స్వల్పము. పేర్లు మాత్రము తమ సీమ దేవతలవి. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలమ్మ, సింహాచలము, వరాహాలు – ఇవి సింహాద్రి అప్పన్నను తలచి పెట్టినవి. పైడిరాజు, పైడమ్మ విజయనగరపు పైడితల్లి పేరిటివి. నూకరాజు, నూకయ్య అనగా అనకాపల్లి నూకాలమ్మ. సూర్యనారాయణ యనగా అరసవల్లి; కూర్మారావు, కూర్మినాయుడు అనగా శ్రీకూర్మము. ముఖలింగము అను పేరు విన్నంతనే వంశధారాతీరము స్ఫురించును. ఏ కుటుంబము ఏ దిక్కునుండి తరలివచ్చినదో తెలిసికొనుటకు తాత పేరొక్కటి విన్న చాలును.

ఈ పేర్లు ఎంతమందికి గలవను విచారము ఆ తరమువారికి లేదు. పేరు తల్లిదండ్రుల యభిరుచిని చాటునది కాదు, ఋణమును తీర్చునది. దేవునికి మ్రొక్కిన మ్రొక్కు ఒక ఋణము. గతించిన తాతకు, నాయనమ్మకు చెల్లింపవలసినది మఱియొక ఋణము. బిడ్డలు దక్కని యింట పెంటయ్య యనియు, పెంటమ్మ యనియు పెట్టుటయు కలదు. మృత్యువు కంటబడకుండుటకై కావలెనని అందములేని పేరు పెట్టిన ఆ తల్లికి, అందమైన పేరు చాలమందికి ఉన్నదని దుఃఖించు నేటి తల్లి మనస్సు బోధపడునా యని సందేహము. ఇరువురి ప్రేమయు ఒక్కటియే, ఇరువురి భయమును వేఱు.

అమెరికాలో ఈ మార్పును స్టాన్లీ లీబర్సన్ 2000లో ప్రకటించిన 'ఎ మ్యాటర్ ఆఫ్ టేస్ట్' అను గ్రంథమున చర్చించెను. ఆచారబంధము సడలినకొలది నామకరణము అభిరుచికి సంబంధించిన విషయమగుననియు, అభిరుచి ఫ్యాషన్‌వలె తనంతట తానే మారుచుండుననియు ఆయన వాదము. ఇది మనకును వర్తించును. కాని ఖరగ్‌పూర్ తెలుగువారి విషయమున దీనితోబాటు వేఱొక కారణముకూడ కలదని నా యభిప్రాయము. అది ఇంటిపేరు లోపించుట.

ఒక యూర పదిమంది అప్పలస్వాములుండవచ్చును. వారిని వేఱుచేయుట ఇంటిపేరు చేయవలసిన పని. అది ముందు నడువగా పేరు దాని వెనుక నిశ్చింతగా నుండెను. కచేరీల పద్ధతి దీనికి విరుద్ధము. ఆంగ్లేయుల మర్యాదననుసరించి చివరిమాటను వంశనామముగా గ్రహించుటచే ఇంటిపేరు మొదట ఒక్క పొడియక్షరముగా కుదించుకొనిపోయెను. పిమ్మట కొన్ని కాగితములలో ఆ యక్షరమును మాసిపోయెను. సూర్యారావు 'ఎస్. రావు' అయ్యెను. గౌరవవాచకమగు రావు ఆతని బిడ్డలకు వంశనామమైనది. ఇది సామాన్యులకు మాత్రమే జరిగినదికాదు. 1927లో ఖరగ్‌పూర్ రైల్వేకార్మికుల సమ్మెను నడపిన నాయకులలో ముఖ్యుడు, 1969లో భారతరాష్ట్రపతియైన వి. వి. గిరిగారిని లోకము గిరియనియే యెఱుగును. అందు మొదటి పొడియక్షరము వరాహగిరి యను ఇంటిపేరని తెలిసినవారు కొలదిమందియే. అంతటి ప్రసిద్ధులకు పొడియక్షరముతో లోటులేదు. రైల్వే క్వార్టర్లలో ఇరుగుపొరుగున నలుగురు రావులున్న యింటివారికి లోటు కలదు. ఇంటిపేరు చేయవలసిన పనియంతయు పెట్టిన పేరుమీద పడినది. కావుననే 'ఈ పేరు ఇంకెవరికిని ఉండరాదు' అను పట్టుదల కలిగినది. దీనిని కేవలము ఆధునికుల డాంబికమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

వంగభాషాసాంగత్యమువలన మఱియొక చిక్కు వచ్చినది. వంగోచ్చారణమున వకారము బకారమగును, దంత్యసకారము తాలవ్యమగును, అకారము ఒకారపు ఛాయను పొందును. వేంకటరావు బేంకటరావగును. సూర్య అను మాట షుర్జొ అని, లక్ష్మి లొక్ఖి అని వినబడును. తాత పేరు బిడ్డకు పెట్టగోరినవారు సహితము, బడిలో అది యెట్లు పలుకబడునో తలచుకొని వెనుదీయుదురు. తెలుగు, బంగాళీ, హిందీ, ఆంగ్లము – నాలుగు నోళ్లలోను చెడకుండ సాగిపోవు పేరు కావలెను. జన్మనక్షత్రపాదముననుసరించి తొలియక్షరము చూచువారికి ఆ వెదకులాట ఇంకను ఇరుకగును. అశ్వినియందు పుట్టిన శిశువునకు చూ, చే, చో, లా అను నాలుగింటితోనే తృప్తిపడవలెను గదా! ఇన్ని నియమములకు లోబడి మిగులు పేర్లెన్ని? రెండు మూడక్షరముల తత్సమములు కొన్ని: ఆద్య, సాన్వి, ఈశాన్, ఆరవ్ వంటివి. ప్రతి కుటుంబమును వేర్వేఱుగా, రహస్యముగా, అపూర్వనామమునకై వెదకి ఒక్కచోటికే చేరుచున్నది. పేరు అచ్చముగా అదే కాకపోయినను అదే ధ్వని: అదే దీర్ఘముతో మొదలు, అదే హలంతముతో ముగింపు. అప్పలస్వామియను పేరు పదుగురికి ఉన్నను అందు ఒక కొండ యుండెను. ఈ క్రొత్త పేర్లు వినుట కింపైనవే. అవి ఏ యూరివో చెప్పుట మాత్రము కష్టము.

చట్టముకూడ ఇందు పాత్ర వహించుచున్నది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టముననుసరించి శిశువు జననమును పేరులేకయే నమోదు చేయింపవచ్చును. పేరును తరువాత చేర్పింపవచ్చును. పూర్వము బడిలో చేర్చునాడు ఉపాధ్యాయుడు వ్రాసికొన్నదే పేరుగా నిలుచుటయు కలదు. కాని 2023 నాటి సవరణచే, ఆ యేటి అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టినవారికి బడిప్రవేశము మున్నగు వానియందు జనననమోదు పత్రమే జన్మతేదికిని, జన్మస్థలమునకును ప్రమాణమైనది. అందు తొలినాళ్లలో వ్రాసిన పేరు, వ్రాసిన వరుస, జీవితాంతము వెంటనంటును. అక్కడ ఇంటిపేరును పూర్తిగా వ్రాయించుటయా, రావుతో సరిపుచ్చుటయా అనునది తల్లిదండ్రులు ఆసుపత్రిలోనున్నప్పుడే తేల్చుకొనవలసిన సంగతి యగుచున్నది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషాస్థాయి నొసగ నిర్ణయించెను. అది సంతోషింపదగినదే. ఐతే మూడవతరమున, నాలుగవతరమున తెలుగక్షరములు రాని యిండ్లలో దినమున పదిమార్లు పలుకబడు తెలుగుమాట బిడ్డపేరే కావచ్చును.

బంగాళీలకు కాగితములమీద వ్రాయు 'భాలో నామ్' ఒకటి, ఇంట పిలుచు 'డాక్ నామ్' ఒకటి ఉండుట సర్వవిదితము. మన ముద్దుపేరు ఇట్టిదే యైనను, తెలుగువారి యిండ్లలో దీనికంటె గంభీరమైన ద్వైవిధ్యము కానవచ్చుచున్నది. బారసాలనాడు పళ్లెరమునందలి బియ్యములో తాతపేరో, దేవునిపేరో వ్రాసి, పత్రములలో వేఱొకటి వ్రాయింతురు. ఋణమును తీరును, బడియు సాగును. బియ్యములో వ్రాసిన పేరు ఏ గణాంకములకును అందదు. కావున జనననమోదు పుస్తకములనో, హాజరుపట్టీలనో మాత్రమే లెక్కించి ప్రవాసాంధ్రులు పాత పేర్లను విడిచిపెట్టిరని తీర్మానించు పరిశోధకుడు తొందరపడినవాడగును. ఈ విషయమున కృషి చేయదలచు విద్యార్థులు శుభలేఖలను సేకరింపవలెను. పొడియక్షరముగా మాసిన ఇంటిపేరు, చిరంజీవి అను మాట ప్రక్కన, ఇంకను పూర్తిగా అచ్చగుచున్నది అందులోనే.