సహోద్యోగికి సలహా – లక్కమ్మ చూపిన మార్గము

కాయకమనగా జీతము నార్జించు పని మాత్రమే కాదు. చేయు పని శుద్ధముగా నుండవలెను. ఆ పనివలన లభించు ఫలము శుద్ధముగా నుండవలెను. ఆ ఫలమును వినియోగించు తీరును శుద్ధముగా నుండవలెను. ఈ మూడును కూడినపుడే శరణులు దానిని కాయకమనిరి. ఈ మాట మన గృహములలోను మఠములలోను తఱచుగా వినవచ్చునదే. అయితే ఉద్యోగము చేయువానికి ధర్మసంకటము పురాణశ్రవణ సమయమున రాదు. పై అధికారి యొకవైపున, ఆశ్రయించిన బీదవారు వేఱొకవైపున నిలువగా, నడుమ నున్న కాగితముపై సంతకము చేయవలసిన వేళ వచ్చును. అప్పుడతడు ప్రక్కనున్న తోటి ఉద్యోగిని, "మీరేమి చేయుమందురు?" అని యడుగును. అట్లడిగినవారికి ఏమి చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను? చెప్పిన పిదప ఏమి చేయవలెను? ఈ పాఠమున విచారింపబడు విషయమిది.

ఆయ్దక్కి దంపతుల చరితము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమందు శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున 'ఆయ్ద అక్కి' యనగా ఏరిన బియ్యము. అందుచేతనే ఆ శరణునికి ఆయ్దక్కి మారయ్య యను పేరు కలిగినది. ఆయన ధర్మపత్ని లక్కమ్మ. ఆమె చెప్పిన వచనములు నేటికిని నిలిచియున్నవి. ఏరి తెచ్చిన గింజలతోనే ఆ దంపతులు జంగమార్చన జరిపి, ప్రసాదము స్వీకరించెడివారు.

ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ మూటను చూచినంతనే అది తమ దినపు కొలత కాదని గ్రహించెను. భర్తను మందలించి, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య అట్లే చేసెను.

ఈ చరితమును భక్తితో వినుట యొకటి, సలహా చెప్పు విద్యగా చదువుట యొకటి. మారయ్య దొంగిలింపలేదు. రాలిన గింజలనే ఏరెను. ఫిర్యాదు చేసినవాడెవడును లేడు. పైకి ఏ కట్టుబాటును తప్పినట్లు కనబడదు. అయినను లక్కమ్మ దృష్టి కొలతపై నిలిచినది. ఇచ్చట గమనింపదగిన అంశములు మూడు కలవు. మొదటిది, ఆమె మందలింపుతో ఆగక చేయవలసిన పనిని స్పష్టముగా చెప్పెను. రెండవది, మొత్తము పాఱవేయుమనలేదు. ఎక్కువైనంత మట్టుకే తిరిగి ఇమ్మనెను. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. బియ్యము తగ్గినయెడల తగ్గునది ఆమె కుండలోనే. తాను చెప్పిన సలహా భారములో ఆమెకును పాలు కలదు.

నేటి కాలమునకు తగిన ఉదాహరణము

పత్తి పండు మండలములోని యొక ప్రాథమిక పాఠశాలను ఊహించుకొనవచ్చును. హాజరు పట్టికలో 60 మంది పిల్లల పేర్లున్నవి. దసరా దాటి పత్తి తీతలు మొదలైనవి. 12 మంది బిడ్డలు తల్లిదండ్రుల వెంట చేలకు పోవుచున్నారు. బడికి వచ్చువారు 48 మంది. మధ్యాహ్న భోజనపు రిజిస్టరు వ్రాయు బాధ్యత క్రొత్తగా చేరిన ఉపాధ్యాయినిది. ప్రధానోపాధ్యాయుడు ఆమెను పిలిచి, "రిజిస్టరులో 60 అని వ్రాయుమమ్మా. వంట చేయు ఆడవారికి బిల్లులు నెలల తరబడి రాలేదు. అంగడిలో అప్పు చేసి పప్పు, నూనె తెచ్చుచున్నారు. పది తలలు ఎక్కువ వ్రాసిన వారికి కొంత ఊరట కలుగును. ఇందులో ఎవరి సొమ్ము పోయినది?" అనెను.

ఆయన తన కొఱకు ఒక గింజయు కోరలేదు. ముడి పడినది అచ్చటనే. స్వార్థముతో వచ్చు తప్పును ఎవరైనను గుర్తింపగలరు. దయతో వచ్చు తప్పును గుర్తించుట కష్టము. ఆ ఉపాధ్యాయిని ఆ రాత్రి నిద్రపోలేక, మఱునాడు అనుభవశాలియైన సహోపాధ్యాయునితో, "మాష్టారూ, వ్రాసినయెడల అబద్ధమగును. వ్రాయకున్న ఆ తల్లుల నోట మట్టి కొట్టినట్లగును. నేనేమి చేయుదును?" అని యడిగెను.

ఇట్టి ప్రశ్నకు సులభమైన సమాధానములు రెండు కలవు. "అంతటను జరుగుచున్నదే కదా, నీవును వ్రాయుము" అనుట యొకటి. "వెంటనే పై అధికారులకు ఫిర్యాదు చేయుము" అనుట రెండవది. మొదటి మాట ఆమె అంతరాత్మను నిద్రపుచ్చును. రెండవ మాట ఆమెను ముందునకు త్రోసి, చెప్పినవానిని వెనుక నిలుపును. ఈ రెండింటిలో దేనివలనను సలహా చెప్పినవానికి ఖర్చు లేదు. లక్కమ్మ చెప్పిన సలహా అట్టిది కాదు.

ముందుగా కొలత చూడవలెను

ఆ సహోపాధ్యాయుడు వెంటనే తీర్పు చెప్పక, ఆమెతో కూడి లెక్క వేసెను. ఈ పథకమునకు 2021లో ప్రధానమంత్రి పోషణ్ అను పేరు పెట్టిరి. దీని ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డ యొక్కరికి దినమునకు 100 గ్రాముల ధాన్యము కేటాయింపబడును. లేని 12 మంది పేర ఖర్చు వ్రాసినయెడల దినమునకు 1 కిలో 200 గ్రాములు, 20 పనిదినములకు 24 కిలోల బియ్యము కాగితముపై వండబడును. వండని బియ్యము గదిలోనే మిగులును. దానిని కప్పిపుచ్చుటకు నిల్వ పుస్తకమును కూడ మార్చవలెను. ఒక అబద్ధమునకు తోడుగా రెండవది వచ్చును. రెండింటిక్రిందను ఆమె సంతకమే యుండును.

ఇంతకంటె లోతైన లెక్క మఱియొకటి కలదు. 48 అని వ్రాసినయెడల ఎవరైనను, "తక్కిన 12 మంది ఎచ్చట?" అని యడుగుదురు. 60 అని వ్రాసినయెడల అడుగువారు లేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 నుండి 14 సంవత్సరముల వయస్సు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నిచ్చినది. బిడ్డ ఎండలో పత్తి తీయుచుండగా, కాగితముపై ఆ బిడ్డ బడిలో కూర్చుండి అన్నము తినుచుండును. ఆ బిడ్డను వెదకి తెచ్చుటకు ఎవరును పోరు. "ఎవరి సొమ్ము పోయినది?" అను ప్రశ్నకు సమాధానమిదియే. పోయినది సర్కారు బియ్యము మాత్రమే కాదు, ఆ 12 మంది బిడ్డల చదువు.

ధర్మసంకటమున నున్నవారికి ఎదుట కనబడు బాధితులే కనబడుదురు. కనబడని బాధితులను చూపుట సలహా చెప్పువాని మొదటి కర్తవ్యము.

దాసోహము ఎవరి సొమ్ముతో?

మఱి వంట చేయు తల్లుల మాట యేమి? వారి కష్టము నిజము. దానిని ప్రక్కకు నెట్టినయెడల ఆ సలహా ధర్మము కాజాలదు.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండాగారమును నిర్వహించిన ఉద్యోగి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొందఱు రాజుతో కొండెములు చెప్పిరి. బసవేశ్వరుడు ధనమును తెప్పించి లెక్క పెట్టించెను. కొఱత కనబడలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఈ వృత్తాంతము కలదు. భక్తులు దీనిని శివుని మహిమగా కీర్తింతురు. ఉద్యోగులు మఱియొక విశేషమును కూడ గ్రహింపవచ్చును. లెక్క చూపుమన్నందులకు ఆ మహనీయుడు కినుక వహింపలేదు. పెట్టె తెఱచి చూపెను. ఎంతటి దాతయైనను తన చేతిలోని పరుల సొమ్మునకు లెక్క చెప్పవలసినవాడే.

దాసోహము తన కాయకమువలన వచ్చినదానితో చేయదగినది. పరుల ధాన్యముతో, దొంగ లెక్కతో చేసినది దాసోహము కాదు. కావున ఆ తల్లులకు సహాయము చేయవలసినదే. అయితే అది రిజిస్టరులోనుండి కాక చేతిలోనుండి రావలెను.

పలుకు తీరు, నడచు తీరు

అప్పుడా సహోపాధ్యాయుడు, "అమ్మా, 48 అనియే వ్రాయుము. ఈ బరువు నీ వొక్కతెవే మోయవలదు. ప్రధానోపాధ్యాయుల వద్దకు నేనును వచ్చెదను. బిల్లు వచ్చువఱకు అంగడి అప్పులో కొంత నా జీతమునుండి తీర్చెదను. తక్కినవారిని కూడ అడుగుదము" అనెను. సలహాలోని ప్రాణము ఈ కడపటి వాక్యములలో కలదు.

పంచాచారములలో మూడు ఇచ్చట తోడ్పడును. సదాచారము ఏది వ్రాయవలెనో చెప్పును. భృత్యాచారము ఎట్లు మాటాడవలెనో నేర్పును. గణాచారము ఎచ్చట వంగకూడదో తెలుపును. వీనిని ఈ క్రమముననే పాటించుట మేలు.

భృత్యాచారము ననుసరించి, వారు ప్రధానోపాధ్యాయుని నలుగురి యెదుట నిలదీయక ఏకాంతమున కలిసికొనవలెను. ఆయన దుర్మార్గుడు కాడు. "అయ్యా, మీ దయ సరియైనది. దానికి రిజిస్టరు దారి కాదు" అని చెప్పి, చేయదగిన పనులను వెంటనే ముందుంచవలెను. రావలసిన బిల్లులను నెలవారీగా వ్రాసి, అందఱి సంతకములతో మండల విద్యాధికారికి అర్జీ యిచ్చుట మొదటి పని. ఆ విషయమును పాఠశాల యాజమాన్య సంఘము సమావేశమున పెట్టుట రెండవ పని. రాని 12 మంది బిడ్డల యిండ్లకు ఉపాధ్యాయులు తలకొక కొన్ని చొప్పున పంచుకొని వెళ్ళుట మూడవ పని. వలదనుటతో ఊరకుండక బదులుగా దారి చూపినయెడల ఎదుటివాని గౌరవము నిలుచును, మనసు మాఱుటకు వీలు కలుగును.

అప్పటికిని ఆయన పట్టు విడువకున్న, ఆ యాజ్ఞను వ్రాతమూలముగా ఇమ్మని వినయముతో కోరవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) లోని 3వ నియమము, పై అధికారి నోటిమాటగా ఇచ్చిన ఆదేశమును వ్రాతపూర్వకముగా ధ్రువపఱుపుమని ఉద్యోగి కోరవలెననియు, అట్లు ధ్రువపఱచుట ఆ యధికారి విధియనియు చెప్పుచున్నది. ఆ నియమావళి వర్తింపని ఉద్యోగములలోను ఇది మంచి పద్ధతియే. నోట చెప్పగలిగిన అనేక ఆజ్ఞలను చేత వ్రాయుటకు మనసొప్పదు. దానితోను తీరకున్నప్పుడు సంతకము నిరాకరించి, పై మెట్టునకు తెలియజేయుట గణాచారము. మెట్లన్నియు దాటి దూకరాదు. ఒక మెట్టుపైననే కూర్చుండిపోరాదు.

రహస్యపాలనము

సలహా కోరి వచ్చినవారి పేరును, మాటను కాపాడుట మఱువరాని విధి. దేశమంతయు ఎఱిగిన యొక వృత్తాంతము దీనికి సాక్ష్యము. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరుగా నుండిన సత్యేంద్ర దూబే 2002లో రహదారి పనులలోని అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు లేఖ వ్రాసి, తన పేరు రహస్యముగా నుంచుడని కోరెను. ఆ లేఖ ఆయన పేరుతో సహా కార్యాలయములు తిరిగెను. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్య గావింపబడెను. అది దోపిడిగాండ్ర పని యని దర్యాప్తు సంస్థ చెప్పినను, కోరిన రహస్యము కాపాడబడలేదను బాధ ప్రజలలో మిగిలిపోయెను. అటుపిమ్మట 2004లో కేంద్ర ప్రభుత్వము, ఇట్టి ఫిర్యాదులను పేరు వెల్లడి కాకుండ స్వీకరించు అధికారమును కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇచ్చెను. ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలో నొకరితో పలికిన మాట సాయంకాలమునకు ఊరెల్ల తెలియును. నోరు కట్టుకొనలేనివాడు సలహా చెప్పుటకు పూనుకొనరాదు.

భయమును దాచరాదు

సత్యము వ్రాసిన మఱునాడే మేలు కలుగునని ఎవరికిని ఆశ పెట్టరాదు. పై వారి అప్రసన్నత కలుగవచ్చును. బదిలీ కావచ్చును. వంట తల్లుల బిల్లు మఱి రెండు నెలలకును రాకపోవచ్చును. ఈ కష్టములను ముందుగా చెప్పి, "అయినను నేను తోడుందును" అనుటయే నిజమైన ఓదార్పు. 48 అని వ్రాసినంత మాత్రమున 12 మంది బిడ్డలు బడికి రారు. కాని వారు రాలేదను సంగతి కాగితముపై నిలుచును. నిలిచిన సంగతి ఎవరినో యొకరిని ఆ బిడ్డల గడప వఱకు నడిపించును.

కుటుంబమున చర్చింపదగిన ప్రశ్నలు

1. లక్కమ్మ బియ్యమంతయు పాఱవేయుమనక, ఎక్కువైనది మాత్రమే తిరిగి యిమ్మనుటలోని అంతరార్థమేమి?

2. మీ యింటిలో ఉద్యోగము చేయువారు ఎవరి సొమ్మునకు, ఎవరి పేర్లకు, ఏ కొలతలకు లెక్క చెప్పవలసియున్నారు?

3. దయతో చేసిన దొంగ లెక్కవలన నష్టపడిన కనబడని వ్యక్తి ఎవరైనను మీకు తెలిసియున్నారా?

4. సహోద్యోగికి మీరు కడపట చెప్పిన సలహాలో మీరు మోసిన పాలు ఎంత?

ఈ నాలుగవ ప్రశ్నకు పిల్లల యెదుట సమాధానము చెప్పుకొనుట పెద్దలకు మేలు. శరణు శరణార్థి.