ముందు వెచ్చదనం, తరువాత పాలు

పిల్లలూ! కువైట్ నగరానికి నైరుతి దిక్కున కబ్ద్ అనే ఎడారి ప్రాంతం ఉంది. అక్కడ గొర్రెలను, ఒంటెలను, గుర్రాలను పెంచే దొడ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి దొడ్డిని అక్కడివారు 'జాఖూర్' అంటారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి ఎందరో తెలుగువారు బతుకుతెరువు కోసం కువైట్ వెళ్ళారు. వారిలో కొందరు ఇటువంటి దొడ్లలో పని చేస్తారు.

ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుంటాం. కువైట్‌లోని మిట్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైన మాట నిజమే. కాని ఇసుక రాత్రిపూట త్వరగా చల్లబడుతుంది. అందుచేత శీతకాలపు రాత్రి అదే ఎడారి గజగజ వణికిస్తుంది.

అటువంటి ఒక రాత్రిని ఊహించుకోండి. దొడ్డిలో గడ్డిమోపుల చాటున కుక్క ఈనింది. ఒక పిల్ల తల్లికి దూరంగా జరిగి చల్లబడిపోయింది. దానిని చూసిన కుర్రవాడు గిన్నెతో పాలు తెచ్చాడు.

"మామా, పాలు పోద్దామా? ఆకలికి చచ్చిపోయేట్టుంది" అన్నాడు.

"ఆగు అల్లుడా! ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు పాలు పోస్తే అరగవు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోతుంది. ముందు వెచ్చదనం, తరువాత పాలు" అన్నాడు పెద్దాయన. పిల్లను పొడిగుడ్డతో తుడిచి, తన చొక్కా లోపల రొమ్ముకు ఆనించుకున్నాడు. చాలాసేపటికి దాని ఒళ్ళు వెచ్చబడింది. నోటి దగ్గర వేలు పెడితే చప్పరించింది. అప్పుడు దానిని తల్లి పొట్ట దగ్గర చేర్చాడు.

పెద్దాయన చెప్పిన మాటకు కారణం ఉంది. పుట్టిన కుక్కపిల్లకు కళ్ళు కనబడవు, చెవులు వినబడవు. సుమారు రెండు వారాలకు కళ్ళు తెరుస్తుంది. మొదటి వారంలో అది చలికి వణకనైనా లేదు. తల్లి వెచ్చదనమే దానికి దుప్పటి.

మనం చేయవలసిన పనులు

1. పుట్టిన పిల్లపై ఉన్న పొరను తల్లి తొలగించకపోతే, పెద్దలు వెంటనే చింపి, ముక్కు, నోరు తుడవాలి. మెత్తని గుడ్డతో ఒళ్ళు రుద్దాలి. తలకిందులుగా ఊపకూడదు.

2. బొడ్డు నుండి రక్తం కారితే, మరిగించిన దారంతో పొట్టకు అంగుళం దూరంలో కట్టి, అయోడిన్ అద్దాలి.

3. గోరువెచ్చని నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పెట్టాలి. వేడెక్కితే పిల్ల పక్కకు జరగడానికి చోటు ఉంచాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని విషవాయువు మనుషులను కూడా చంపుతుంది.

4. మొదటి రోజు తల్లి ముర్రుపాలు తప్పక తాగాలి. అవి రోగాలను అడ్డుకొంటాయి.

5. తల్లి లేకపోతే పశువుల డాక్టరును అడిగి, కుక్కపిల్లల పాలపొడి వాడాలి. కుక్కపాలు ఆవుపాలకంటె చాలా చిక్కన. పిల్లను బోర్లా ఉంచి పట్టాలి, వెల్లకిలా పట్టకూడదు. తాగిన తరువాత తడిదూదితో పొట్ట కింద మెల్లగా తుడిస్తేనే అది మూత్రం, మలం విసర్జిస్తుంది.

6. రోజూ తూచాలి. బరువు పెరగకపోయినా, ఆగకుండా ఏడ్చినా డాక్టరుకు చూపాలి.

హెచ్చరిక: పెద్దలు లేకుండా ఈనిన కుక్క దగ్గరకు పోకండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆకలిగొన్న ప్రాణికి అన్నం పెట్టడం దయ. ఎప్పుడు పెట్టాలో తెలుసుకోవడం వివేకం. ప్రాణం నిలపడానికి రెండూ కావాలి.

అభ్యాసం

అ) ప్రశ్నలు
1. ఎడారిలో శీతకాలపు రాత్రి ఎందుకు చలిగా ఉంటుంది?
2. కుర్రవాడిని పెద్దాయన ఎందుకు ఆపాడు?
3. ముర్రుపాల వలన మేలేమిటి?

ఆ) సొంతవాక్యాలలో ప్రయోగించండి: బతుకుతెరువు, గోరువెచ్చని, వివేకం.

ఇ) మీ ఇంట్లోని పెద్దలు ఏ ప్రాణినైనా కాపాడిన సంగతి అడిగి, ఐదు వాక్యాలు రాయండి.