ఆనకట్ట దిగువన పండుగప్ప

ఎండాకాలంలో గిలకలదిండి రేవు దగ్గరగాని, నాగాయలంక వద్ద కృష్ణ ఒడ్డునగాని గాలం వేసి కూర్చున్నవారిని మీరు చూసే ఉంటారు. వారు ఎక్కువగా ఆశపడే చేప పండుగప్ప. బతికున్న రొయ్యను ఎరగా గుచ్చి, పోటునీరు ఎక్కే వేళకోసం కాచుకుంటారు. ఆ నీటితోపాటు చిన్న చేపలు, రొయ్యలు వస్తాయి. వాటికోసం పండుగప్ప పొంచి ఉంటుంది.

చలిదేశాలలో ట్రౌట్ చేపను పట్టేవారిలో చాలామంది గాలానికి ఎర గుచ్చరు; ఈకలతో, దారంతో ఈగలాంటి బొమ్మను కడతారు. మండువేసవిలో కూడా అక్కడి పెద్ద ఆనకట్టల దిగువన ట్రౌట్ దొరుకుతుంది. కారణమేమిటి? లోతైన జలాశయంలో ఎండవేడి పైపొరలోనే నిలుస్తుంది. సాంద్రత ఎక్కువైన చల్లని నీరు అడుగున ఉంటుంది. తూములు అడుగున ఉంటే నదిలోకి ఆ నీరే వస్తుంది. 10 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. ట్రౌట్‌కు ఈ తేడా చావుబతుకుల సమస్య.

మన కృష్ణ సంగతి వేరు. విజయవాడ వద్ద 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి నీటిని కాలువలకు మళ్ళించేదే గాని లోతైన జలాశయం కాదు. వేసవిలో తలుపులు దించితే దిగువకు వచ్చే మంచినీరు బాగా తగ్గిపోతుంది. అప్పుడు సముద్రపు పోటును ఎదిరించే ప్రవాహం ఉండదు. పులిగడ్డ వద్ద చీలి దివిసీమను చుట్టుకొనే పాయలలోకి ఉప్పునీరు ఎగబాకుతుంది. ఒడ్డు ఊళ్ళలో బావులు ఉప్పనవడానికి ఇదీ ఒక కారణం. దివిసీమ పిల్లలకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు!

ఇది ఎలా జరుగుతుందో ఇంట్లోనే చూడవచ్చును. గాజుగ్లాసులో సగం వరకు మంచినీరు పోయండి. వేరొక గ్లాసు నీటిలో ఉప్పు బాగా కరిగించి, నాలుగు చుక్కల సిరా కలపండి. దానిని మొదటి గ్లాసు అంచు వెంబడి మెల్లగా జారవిడవండి. రంగునీరు అడుగుకు చేరుతుంది. నదిలోనూ అంతే. పైనీరు చప్పగా ఉన్నదని రుచి చూసి చెప్పేవారు అడుగున ఉన్న ఉప్పును కనిపెట్టలేరు.

బొచ్చె వంటి మంచినీటి చేప సముద్రమంత ఉప్పులో బతకలేదు. పండుగప్పకు రెండూ సమ్మతమే. మంచినీటిలో ఉన్నప్పుడు ద్రవాభిసరణం వల్ల దాని శరీరంలోకి నీరు చొరబడుతుంది. మూత్రపిండాలు దానిని పలుచని మూత్రంగా వెళ్ళగొడతాయి. ఉప్పునీటిలో శరీరంలోని నీరే బయటకు పోతుంది. అప్పుడు పండుగప్ప సముద్రపు నీటినే తాగి, అధిక లవణాన్ని మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా విసర్జిస్తుంది. ఎంత దప్పికైనా మనం చేయలేని పని ఇది.

పండుగప్ప గుడ్లు పెట్టేది నదీముఖాల దగ్గరి ఉప్పునీటిలో. పిల్లలు చాలావరకు నదులలోకి ఎగువకు పోయి పెరుగుతాయి. మొదట మగచేపలుగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడచేపలుగా మారతాయి! పిల్లలు పైకి పోవాలి, పెద్దవి కిందికి రావాలి. నడుమ ఆనకట్ట ఉన్నది.

ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. క్వీన్స్‌లాండ్‌లోని ఫిట్జ్‌రాయ్ నది బ్యారేజికి మొదట మెట్లలాంటి చేపలదారి కట్టారు. అది ట్రౌట్, సాల్మన్ వంటి ఎగిరి దూకే చేపల అలవాట్లనుబట్టి వచ్చిన నమూనా. అక్కడి చేపలకు అది అంతగా పనికిరాలేదు. 1994లో దానిని మార్చి, అడ్డుగోడలలో పైనుంచి అడుగుదాకా నిలువు చీలికలు పెట్టారు. గోడకూ గోడకూ మధ్యనున్న తొట్టిలో ఆగి అలసట తీర్చుకుంటూ, దూకే పని లేకుండా, చేపలు ఈదుకుంటూ ఎక్కవచ్చును. ఆ తరువాత శాస్త్రజ్ఞులు వల కట్టి పరిశీలిస్తే, ఎక్కివచ్చిన ఎన్నో రకాల చేపలలో పండుగప్ప కూడా ఉన్నది.